వృక్ష ఆవరణ శాస్త్రం, శీతోష్ణస్థితి మార్పు: పరిశోధనకు ఉన్న అవకాశాలు



వృక్షశాస్త్రంలో డిగ్రీ గానీ, ఎం.ఎస్సీ. గానీ చదువుతున్న వారిని "తరువాత ఏం చేద్దామనుకుంటున్నారు?" అని అడిగితే సాధారణంగా మూడు సమాధానాలు వస్తాయి. బి.ఇడి. చేస్తామని కొందరు, గ్రూప్స్ పరీక్షలు రాస్తామని కొందరు, బయోటెక్నాలజీ వైపు వెళతామని కొందరు చెబుతారు. ఈ మూడూ మంచి మార్గాలే. అయితే నాలుగో మార్గం ఒకటి ఉంది. అడవిలో, పొలంలో, పచ్చికబయళ్ళలో మొక్కలు మారుతున్న శీతోష్ణస్థితికి ఎలా స్పందిస్తున్నాయో కొలిచి చెప్పే పరిశోధన అది. ఈ పనికి మన దేశంలో మనుషులు చాలినంత మంది లేరు. ఆ మార్గంలో ఏముందో, అందులోకి ఎలా ప్రవేశించాలో, పిహెచ్.డి. తరువాత ఏం చేయవచ్చో ఈ ప్రసంగంలో తెలుసుకుందాం.

ఈ శాస్త్రం దేనిని అడుగుతుంది?

మొక్కకూ, దాని చుట్టూ ఉన్న నేల, నీరు, గాలి, వెలుతురు, నిప్పు, జంతువులకూ మధ్య ఉన్న సంబంధాన్ని అధ్యయనం చేసేది వృక్ష ఆవరణ శాస్త్రం. మన దేశంలో దీనికి పునాది వేసినవారు కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో పనిచేసిన రామ్‌దేవ్ మిశ్రా. ఆయన కాలంలో ప్రధానమైన ప్రశ్న "ఇక్కడ ఏ మొక్కలు, ఎన్ని ఉన్నాయి?" అనేది. ఇప్పుడు దానికి మరో ప్రశ్న తోడైంది. "ఇవి రేపు కూడా ఇక్కడే ఉంటాయా?"

వాతావరణం వేరు, శీతోష్ణస్థితి వేరు అని మీరు పాఠశాలలోనే చదువుకున్నారు. ఇవాళ వాన పడిందా లేదా అనేది వాతావరణం. ముప్పై ఏళ్ళ సగటు చెప్పేది శీతోష్ణస్థితి. చెట్టు ఆయుష్షు రెండో దానితో ముడిపడి ఉంటుంది. నూరేళ్ళు బతికే చెట్టు మొలకెత్తినప్పటి గాలి, ఇప్పటి గాలి ఒకటి కావు. హవాయిలోని మౌనాలోవాలో 1958లో కొలతలు మొదలైనప్పుడు గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల భాగాలలో సుమారు 315 భాగాలు ఉండేది. 2024లో దాని వార్షిక సగటు 424 దాటింది. ఒక చెట్టు జీవితకాలంలోనే వచ్చిన మార్పు ఇది.

ఇంకా తేలని ప్రశ్నలు

"కార్బన్ డయాక్సైడ్ మొక్కలకు ఆహారమే కదా, పెరిగితే మంచిదే కదా?" అని చాలామంది అడుగుతారు. ప్రయోగశాలలో, కుండీలో పెంచిన మొక్క విషయంలో అది కొంతవరకు నిజమే. అడవి సంగతి అంత సులభంగా తేలలేదు. ఆస్ట్రేలియాలో ఒక యూకలిప్టస్ అడవిలో 2012 నుంచి చెట్ల చుట్టూ గొట్టాలు నిలబెట్టి అదనపు కార్బన్ డయాక్సైడ్ వదిలారు. ఆ ప్రయోగ ఫలితాలు 2020లో వెలువడ్డాయి. ఆకులు సుమారు 12 శాతం ఎక్కువ కార్బన్‌ను గ్రహించాయి గాని, చెట్ల పెరుగుదల పెరగలేదు. ఆ నేలలో భాస్వరం తక్కువ. అదనంగా వచ్చిన కార్బన్‌లో ఎక్కువ భాగం శ్వాసక్రియ ద్వారా, నేలలోని సూక్ష్మజీవుల ద్వారా తిరిగి గాలిలోకే పోయింది. మన దేశపు నేలల్లోనూ చాలాచోట్ల భాస్వరం తక్కువే. మరి మన అడవులు ఏం చేస్తాయి? ఇది ఒక పరిశోధనాంశం.

రెండో ప్రశ్న వేడిమికి సంబంధించినది. ఉష్ణమండలపు చెట్ల ఆకులలో కిరణజన్య సంయోగక్రియ యంత్రాంగం సగటున 46.7 డిగ్రీల సెల్సియస్ దగ్గర దెబ్బతినడం మొదలవుతుందని, ఇప్పటికే పదివేల ఆకులలో ఒకటి ఆ హద్దు దాటుతోందని 2023లో ప్రచురించిన అధ్యయనం ఒకటి తెలిపింది. ఇక్కడ చెప్పేది ఆకు ఉష్ణోగ్రత, గాలి ఉష్ణోగ్రత కాదు. ఆకు బాష్పోత్సేకం ద్వారా తనను తాను చల్లబరచుకుంటుంది. నేలలో నీరు లేక పత్రరంధ్రాలు మూసుకుంటే ఆకు చుట్టూ ఉన్న గాలి కంటే ఎక్కువ వేడెక్కుతుంది. ఎండాకాలంలో 45 డిగ్రీలు చూసే మన జిల్లాలలో మే నెలలో ఆకు నిలుపుకునే చెట్లు ఏవి, రాల్చేసుకునే చెట్లు ఏవి, ఒక్కొక్కదాని హద్దు ఎంత అన్న ప్రశ్న మనకు ఎంత దగ్గరిదో వేరే చెప్పనవసరం లేదు.

మూడో ప్రశ్న గడ్డికీ చెట్టుకూ మధ్య పోటీకి సంబంధించినది. ఆఫ్రికాలోని సవన్నాలను పరిశీలించి మహేశ్ శంకరన్, ఆయన సహచరులు 2005లో ఒక విషయం చూపించారు. ఏడాదికి సుమారు 650 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే చోట చెట్లు ఎంతవరకు కమ్ముకోగలవో వానే నిర్ణయిస్తుంది. అంతకు మించి వాన పడే చోట నిప్పు, మేసే జంతువులు లేకపోతే చెట్లు గడ్డిని కప్పేస్తాయి. అనంతపురం ప్రాంతంలో వాన ఈ హద్దు కంటే తక్కువ. అక్కడి బీడు భూమి మొత్తం ఒకప్పటి అడవి పాడైన రూపమేనా, లేక అందులో కొంత సహజంగానే గడ్డినేలా? సమాధానాన్ని బట్టి అక్కడ చెట్లు నాటాలా వద్దా అన్న నిర్ణయం మారుతుంది. 2030 నాటికి అడవులు, చెట్ల ద్వారా అదనంగా 250 నుంచి 300 కోట్ల టన్నుల కార్బన్ డయాక్సైడ్‌ను పట్టి ఉంచుతామని మన దేశం పారిస్ ఒప్పందంలో భాగంగా ప్రకటించింది. కనుక ఇది పుస్తకాలలో ఉండిపోయే ప్రశ్న కాదు. మేకలు, గొర్రెలు మేపుకునే కుటుంబాల బతుకు కూడా ఇందులో ఉంది.

మన దగ్గరి అడవులు

వాన అడవుల మీద జరిగినంత పరిశోధన ఆకురాల్చు అడవుల మీద జరగలేదు. తెలుగు రాష్ట్రాలలో ఉన్నవి ఎక్కువగా ఇవే. టేకు, నల్లమద్ది, చిరుమాను, ఏగిస, తునికి, ఇప్ప చెట్ల అడవులు. శేషాచలం, వెలిగొండ ప్రాంతాలలో ఎర్రచందనం ఉంది. ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని చెట్టు అది. తిరుమల కొండలలో సైకస్ బెడ్డోమి ఉంది. శేషాచలాన్ని 2010లో జీవావరణ రిజర్వుగా ప్రకటించారు. కోస్తాలో కోరింగ మడ అడవులు, కృష్ణా ముఖద్వారపు మడ అడవులు ఉన్నాయి. ఇలా తక్కువ విస్తీర్ణానికి పరిమితమైన జాతులకు వేడిమి పెరిగితే పైకి ఎక్కడానికి ఎత్తైన కొండలు లేవు. మడ చెట్లకు సముద్రం పెరిగితే వెనక్కి జరగడానికి రొయ్యల చెరువులు అడ్డం. వీటి విత్తనాలు ఎంత వేడిలో మొలకెత్తుతాయి, మొలకలలో ఎన్ని మొదటి వేసవి దాటుతాయి అన్న కనీస కొలతలు కూడా చాలా జాతులకు లేవు.

పని ఎలా చేస్తారు?

ఈ రంగంలో పద్ధతులను నాలుగు తరగతులుగా చెప్పుకోవచ్చు.

మొదటిది దీర్ఘకాలిక పరిశీలన. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన రామన్ సుకుమార్, ఆయన సహచరులు 1988లో తమిళనాడులోని ముదుమలై అడవిలో 50 హెక్టార్ల స్థలాన్ని గుర్తించారు. ఒక సెంటీమీటరు కంటే ఎక్కువ మందం ఉన్న ప్రతి చెట్టుకూ, పొదకూ నంబరు బిళ్ళ కట్టారు. మొదటి లెక్కలో సుమారు 26 వేలు వచ్చాయి. ఏటా ఏది చనిపోయింది, ఎందుకు చనిపోయింది, కొత్తగా ఏది వచ్చింది అని రాసుకుంటూ వస్తున్నారు. నిప్పు, ఏనుగులు, కరవు ఒక్కొక్కటి ఏ చెట్టును ఎంత తీసుకుపోతాయో ఈ లెక్క వల్లనే తెలిసింది. మూడేళ్ళ ప్రాజెక్టుతో ఇది తేలేది కాదు. పనామాలో 1980 ప్రాంతంలో మొదలైన ఇటువంటి స్థలంతో పాటు ముదుమలై కూడా ఒక ప్రపంచ శ్రేణిలో భాగం.

రెండోది ప్రయోగం. హైదరాబాదులోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అంటే మనం క్రిడా అని పిలిచే సంస్థలో, పైకప్పు లేని గాజు గదుల వంటి ఓపెన్ టాప్ చాంబర్లలో మొక్కలకు అదనపు కార్బన్ డయాక్సైడ్, అదనపు వేడి ఇచ్చి దిగుబడి ఎలా మారుతుందో చూస్తారు. భారత వ్యవసాయ పరిశోధన మండలి 2011లో ప్రారంభించిన నిక్రా కార్యక్రమానికి క్రిడాయే కేంద్రం.

మూడోది దూర సంవేదన. ఉపగ్రహం చిత్రంలో అడవి ఎప్పుడు పచ్చబడిందో, ఎప్పుడు ఎండిందో కనిపిస్తుంది. హైదరాబాదులోని జాతీయ రిమోట్ సెన్సింగ్ కేంద్రం అడవుల కార్బన్ లెక్కలపై చాలాకాలంగా పనిచేస్తోంది. 2025 జూలై 30న శ్రీహరికోట నుంచి ప్రయోగించిన నైసార్ ఉపగ్రహంలోని రాడార్ మబ్బుల గుండా కూడా చూస్తుంది. 12 రోజులకొకసారి అదే చోటికి తిరిగి వస్తుంది. అయితే ఉపగ్రహం చెట్టును తూచలేదు. నేల మీద టేపు పట్టుకుని ఎవరో కొలవాలి. నేల నుంచి 1.3 మీటర్ల ఎత్తున చెట్టు చుట్టుకొలత తీసుకుని, కలప సాంద్రతతో కలిపి సమీకరణంలో పెడితే జీవద్రవ్యరాశి వస్తుంది. అందులో దాదాపు సగం కార్బన్. ఎర్రచందనం చేవ నీటిలో మునిగేంత బరువైనది. బూరుగు కలప చాలా తేలిక. రెండింటికీ ఒకే సమీకరణం వాడితే లెక్క ఎంత తప్పుతుందో మీరే ఊహించండి.

నాలుగోది పాత రికార్డుల అధ్యయనం. ఖర్చు తక్కువ, ఓపిక ఎక్కువ కావలసిన పద్ధతి ఇది. హెర్బేరియం షీటు మీద మొక్కతో పాటు తేదీ, ఊరు ఉంటాయి. ఆ తేదీన పువ్వు ఉందా లేదా కనిపిస్తుంది. ఇంగ్లండుకు చెందిన వుడ్‌వర్డ్ 1987లో ఎనిమిది చెట్ల జాతుల పాత షీట్లను సూక్ష్మదర్శిని కింద చూసి, రెండు వందల ఏళ్ళలో ఆకుల మీద పత్రరంధ్రాల సాంద్రత సుమారు 40 శాతం తగ్గిందని చూపించారు. పాత మద్రాసు ప్రెసిడెన్సీలో సేకరించిన షీట్లు కోయంబత్తూరులోని బొటానికల్ సర్వే హెర్బేరియంలో ఉన్నాయి. మన విశ్వవిద్యాలయాల వృక్షశాస్త్ర శాఖలలో కూడా హెర్బేరియాలు ఉన్నాయి. బీరువా తెరిచేవారే కావాలి.

పిహెచ్.డి.లో ప్రవేశం, ఫెలోషిప్‌లు

ఇక ఆచరణ విషయానికి వద్దాం. మీకు అందుబాటులో ఉన్న ప్రధాన పరీక్షలు మూడు. సి.ఎస్.ఐ.ఆర్.–యు.జి.సి. నెట్‌లో లైఫ్ సైన్సెస్ ఒకటి. యు.జి.సి. నెట్‌లో పర్యావరణ శాస్త్రం రెండోది. మూడోది గేట్‌లోని 'ఎకాలజీ అండ్ ఎవల్యూషన్' పేపరు. ఈ మూడోదాని గురించి మన విద్యార్థులలో చాలామందికి తెలియదు. ఆవరణ శాస్త్రంలో పిహెచ్.డి. ఇచ్చే సంస్థలలో అనేకం ఈ స్కోరును పరిగణిస్తాయి.

నెట్‌లో జె.ఆర్.ఎఫ్. వస్తే మొదటి రెండేళ్ళు జూనియర్, ఆ తరువాత సీనియర్ ఫెలోషిప్ లభిస్తుంది. 2023 జనవరి నుంచి ఇవి నెలకు 37,000, 42,000 రూపాయలుగా ఉన్నాయి. ఇంటి అద్దె భత్యం అదనం. 2024 నుంచి నెట్ ఫలితాలలో పిహెచ్.డి. ప్రవేశానికి మాత్రమే అర్హత ఇచ్చే తరగతి కూడా చేరింది. విశ్వవిద్యాలయంలో ప్రథమ స్థానం పొందినవారికి డి.ఎస్.టి. వారి ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ఉంది. షెడ్యూల్డు కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల విద్యార్థులకు వేరుగా జాతీయ ఫెలోషిప్‌లు ఉన్నాయి. చదువులో విరామం వచ్చిన మహిళలకు డి.ఎస్.టి. వారి వైజ్-కిరణ్ కార్యక్రమం కింద అవకాశాలు ఉన్నాయి. నిబంధనలు, వయోపరిమితి ఏటా మారవచ్చు. ఆ సంవత్సరపు ప్రకటన చదవకుండా దరఖాస్తు పంపవద్దు.

యు.జి.సి. 2022 నిబంధనల ప్రకారం పిహెచ్.డి. కనీస కాలం మూడేళ్ళు, సాధారణ గరిష్ఠ కాలం ఆరేళ్ళు. నాలుగేళ్ళ డిగ్రీలో 75 శాతం మార్కులు వచ్చినవారు నేరుగా ప్రవేశానికి అర్హులు. అయినా క్షేత్ర పరిశోధనకు ముందు ఎం.ఎస్సీ. చేయడం మేలు. సిద్ధాంత వ్యాసం సమర్పించే ముందు జర్నల్‌లో ప్రచురించి తీరాలన్న నియమాన్ని కూడా ఆ నిబంధనలు తొలగించాయి. కనుక డబ్బు కడితే అచ్చువేసే పత్రికల జోలికి వెళ్ళనవసరం లేదు.

పరీక్షలో ఫెలోషిప్ రాకపోతే దారి మూసుకుపోయిందని అనుకోవద్దు. పరిశోధన సంస్థలు తమ ప్రాజెక్టులలో ఫెలోలను, క్షేత్ర సహాయకులను తీసుకుంటాయి. ఏడాదిపాటు అడవిలో పనిచేస్తే ఈ పని మీకు సరిపడుతుందో లేదో తెలుస్తుంది. చేసిన పనే మీ తరఫున మాట్లాడే సిఫారసు అవుతుంది.

ఎక్కడ చేరాలి?

భారతీయ విజ్ఞాన సంస్థలో 1983లో మాధవ్ గాడ్గిల్ స్థాపించిన ఆవరణ శాస్త్ర కేంద్రం, బెంగుళూరులోని జాతీయ జీవశాస్త్ర కేంద్రం, అదే నగరంలోని ఏట్రీ, డెహ్రాడూన్‌లోని భారత వన్యప్రాణి సంస్థ, అటవీ పరిశోధన సంస్థ, అల్మోరా వద్ద గోవింద వల్లభ పంత్ హిమాలయ పర్యావరణ సంస్థ, లక్నోలోని జాతీయ వృక్షశాస్త్ర పరిశోధన సంస్థ, పుదుచ్చేరిలోని ఫ్రెంచి ఇన్‌స్టిట్యూట్ ఈ రంగంలో పేరెన్నికగన్నవి. మన దగ్గర తిరుపతి ఐసర్, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయం, ఆంధ్ర, ఉస్మానియా, శ్రీ వేంకటేశ్వర, శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయాలు, బొటానికల్ సర్వే వారి హైదరాబాదు కేంద్రం ఉన్నాయి. తూర్పు కనుమల వృక్షజాలం మీద టి. పుల్లయ్య అనంతపురం నుంచి చేసిన కృషి మీకు తప్పనిసరిగా పనికివస్తుంది. మొక్కను గుర్తుపట్టడం రాకుండా ఆవరణ శాస్త్రం లేదు.

అంశం, పర్యవేక్షకుడు

సంస్థ పేరు కంటే పర్యవేక్షకుడు ముఖ్యం, అంతకంటే ముఖ్యం ప్రశ్న. "నల్లమల అడవులపై వాతావరణ మార్పు ప్రభావం" అనేది పరిశోధనాంశం కాదు. అది ఒక పుస్తకానికి శీర్షిక అవుతుంది. "వాన ఆలస్యమైన ఏడాదిలో తునికి పిలకలు ఎన్ని బతుకుతాయి? నిప్పు తగిలిన చోట, తగలని చోట తేడా ఎంత?" అంటే అది అంశం. దీనిని కొలవవచ్చు. నాలుగేళ్ళలో ముగించవచ్చు. ఎండాకాలంలో తునికాకు కోసి అమ్ముకునే కుటుంబాలకు చిగురు ఎప్పుడు వస్తుందన్నది ఆదాయానికి సంబంధించిన విషయం కనుక ఫలితం కోసం ఎదురుచూసేవారు కూడా ఉంటారు.

పర్యవేక్షకునికి రాసే ఉత్తరం చిన్నదిగా ఉండాలి. ఆయన లేదా ఆమె రాసిన ఒక వ్యాసాన్ని నిజంగా చదివి, అందులో మీకు కలిగిన ఒక సందేహాన్ని రెండు వాక్యాలలో రాయండి. మీకు తెలిసిన పని చెప్పండి. ఎన్ని మొక్కలు గుర్తుపట్టగలరు, సంఖ్యాశాస్త్రం ఎంతవరకు వచ్చు, క్షేత్రంలో ఎన్ని రోజులు పనిచేశారు అన్నవి చాలు. ఒకే ఉత్తరాన్ని యాభై మందికి పంపితే చదివినవారికి వెంటనే తెలిసిపోతుంది. చేరే ముందు అక్కడి పాత పరిశోధక విద్యార్థులతో మాట్లాడండి. ఎన్నేళ్ళకు పూర్తయింది, ఫెలోషిప్ నెలనెలా వచ్చిందా, గైడ్ రాతప్రతిని ఎంత కాలంలో చదివి ఇచ్చారు అని అడగడం మర్యాద తప్పడం కాదు.

రక్షిత అడవులలో పనిచేయడానికి అటవీశాఖ అనుమతి తప్పనిసరి. దానికి నెలలు పట్టవచ్చు. మొదటి ఏడాదిలోనే దరఖాస్తు చేసి, ఆలోగా హెర్బేరియంలో గానీ, ఉపగ్రహ చిత్రాలతో గానీ సాగే ఒక అధ్యాయాన్ని మొదలుపెట్టండి. నల్లమలలో చెంచుల వంటి స్థానికులు లేకుండా పని సాగదు. వారికి న్యాయమైన కూలి ఇవ్వండి, వారి పేరు వ్యాసంలో చెప్పండి, తేలిన విషయాన్ని వారి భాషలో వారికి తెలియజేయండి. అమ్మాయిలను అడవికి పంపడానికి ఇంట్లో సందేహిస్తే, బృందంగా వెళ్ళే, బస సౌకర్యం ఉన్న క్షేత్ర కేంద్రాలు గల ప్రయోగశాలను ఎంచుకోవచ్చు. ఈ రంగంలో నేడు ఎందరో మహిళలు ముందున్నారు.

ఇప్పటి నుంచే నేర్చుకోవలసినవి మూడు. సంఖ్యాశాస్త్రం, అందుకు ఉచితంగా లభించే 'ఆర్' సాఫ్ట్‌వేర్ ఒకటి. పటాలు గీయడానికి ఉచితమైన క్యూజిస్ రెండోది. స్పష్టంగా రాయడం మూడోది. ఆంగ్లం ఆటంకమనుకునేవారు మొదట తెలుగులో రాసి చూడండి. తెలుగులో స్పష్టంగా చెప్పగలిగిన విషయం ఆంగ్లంలోకి మార్చుకోవడం అభ్యాసం మాత్రమే.

పిహెచ్.డి. తరువాత

పోస్ట్‌డాక్టరల్ పరిశోధన అంటే ఉద్యోగం దొరికేదాకా కాలక్షేపం కాదు. కొత్త పద్ధతి నేర్చుకుని, గైడ్ నీడ నుంచి బయటికి వచ్చే కాలం అది. చెట్లు లెక్కించినవారు శరీరధర్మ శాస్త్రం వైపు, ప్రయోగశాలలో ఉన్నవారు నమూనాల గణన వైపు జరగడం మంచిది. దేశంలో జాతీయ పోస్ట్‌డాక్టరల్ ఫెలోషిప్ రెండేళ్ళపాటు ఉంటుంది. సాధారణ వయోపరిమితి 35. ఇంతకుముందు సెర్బ్ నిర్వహించిన దీనిని ఇప్పుడు అనుసంధాన్ జాతీయ పరిశోధన సంస్థ నిర్వహిస్తోంది. ప్రాజెక్టులలో రీసెర్చి అసోసియేట్లకు 2023 నుంచి నెలకు 58,000 మొదలుకొని వేతనం నిర్ణయించారు.

విదేశాలలో జర్మనీ వారి హంబోల్ట్ ఫెలోషిప్‌కు పిహెచ్.డి. పూర్తయిన నాలుగేళ్ళలోపు దరఖాస్తు చేయవచ్చు. కాలం 6 నుంచి 24 నెలలు. యూరోపియన్ యూనియన్ వారి మేరీ క్యూరీ ఫెలోషిప్‌కు ఆతిథ్యమిచ్చే ప్రయోగశాలతో కలిసి ప్రతిపాదన రాయాలి. విదేశాలలో పిహెచ్.డి. చేయదలచినవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఐరోపా దేశాలలో చాలాచోట్ల పిహెచ్.డి. అనేది ప్రకటన ఇచ్చి నియమించే, జీతం వచ్చే పని. అమెరికాలో బోధన, పరిశోధన సహాయకులుగా భృతి ఇస్తారు. ఈ రంగంలో ఇల్లు తాకట్టు పెట్టి ఫీజు కట్టి పిహెచ్.డి. చేయవలసిన అవసరం లేదు. అలా అడిగే చోటికి వెళ్ళవద్దు.

ఉద్యోగాల విషయం దాచకుండా చెప్పాలి. అధ్యాపక పదవులు కొద్ది, పోటీ ఎక్కువ, నియామకాలు ఏళ్ళ తరబడి ఆగుతుంటాయి. అయితే ఇండియన్ ఫారెస్ట్ సర్వీసు, జీవవైవిధ్య మండళ్ళు, రిమోట్ సెన్సింగ్ సంస్థలు, స్వచ్ఛంద సంస్థలు, కార్బన్ లెక్కలు తనిఖీ చేసే సంస్థలు కూడా ఈ నైపుణ్యాలను కోరుకుంటున్నాయి. కార్బన్ పేరుతో డబ్బు చేతులు మారే చోట నిజాయితీగా కొలిచే మనిషి విలువ పెరుగుతుంది. మీ టేపు కొలత తప్పితే ఒక గ్రామపు బీడు మీద తప్పు నిర్ణయం జరగవచ్చు. ఈ చదువులోని బాధ్యత అదే.

ఫెలోషిప్ రాకముందే మొదలుపెట్టగల పని ఒకటి ఉంది. మీ కళాశాల ఆవరణలోనో, ఊరి చెరువు గట్టునో ఒక రేల, ఒక వేప, ఒక చింత ఎంచుకోండి. వారానికొకసారి చిగురు, పువ్వు, కాయ ఎంత ఉన్నాయో తేదీతో రాయండి. దేశమంతటా పౌరులు ఇలాంటి పరిశీలనలు నమోదు చేసే సీజన్‌వాచ్ కార్యక్రమం ఉంది, అందులో మీరూ చేరవచ్చు. రెండేళ్ళ తరువాత ఏ ఇంటర్వ్యూ బోర్డు ముందు కూర్చున్నా ఆ నోటుపుస్తకం మీ పక్షాన ఉంటుంది.

మీరు ఆలోచించవలసిన ప్రశ్నలు

1. గాలి ఉష్ణోగ్రతకూ ఆకు ఉష్ణోగ్రతకూ తేడా ఎందుకు వస్తుంది? నీటి కొరత ఆ తేడాను ఎలా మారుస్తుంది?

2. కార్బన్ డయాక్సైడ్ పెరిగినా యూకలిప్టస్ అడవి పెరుగుదల ఎందుకు పెరగలేదు?

3. మీ మండలంలోని ఒక బీడు భూమి సహజమైన గడ్డినేలా, పాడైన అడవా అని తేల్చడానికి ఏ ఆధారాలు సేకరిస్తారు?

4. మీకు ఇష్టమైన ఒక చెట్టు గురించి నాలుగేళ్ళలో సమాధానం దొరికే ఒక ప్రశ్నను రెండు వాక్యాలలో రాయండి.

నాలుగో ప్రశ్నకు మీరు రాసే సమాధానమే పర్యవేక్షకునికి పంపే ఉత్తరంలో మొదటి పేరా కావచ్చు.